తెర మీదికి రాని చౌదరయ్య



ఎవరి పేరు మీద ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు నవలను పాఠంగా చెప్పేటప్పుడు ముందు కథ అడిగేవారు కాదని ఆయన శిష్యులు చెబుతారు. ఇందులో భూమి ఎవరిది, కూలి ఎంత, ఆ ఏడు ధరలెలా ఉన్నాయి అని అడిగేవారట. సాహిత్యాన్ని ఇలా లెక్కల పద్దులా చదవడం ఏమిటని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఈ సాయంత్రం నేను ఆయన పద్ధతినే అనుసరిస్తాను. ఒక నవలనూ ఒక సినిమానూ పక్కపక్కన పెట్టి, కూలి సంగతి ఎక్కడ ఉంది, ఎక్కడ జారిపోయింది అని చూస్తాను.

నవల ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. సినిమా గూడవల్లి రామబ్రహ్మం గారి 'మాలపిల్ల'. విషయం చెప్పగానే నిర్వాహకుల్లో ఒకరు, ఉన్నవ వారి నవలను తెరకెక్కించేటప్పుడు ఏమేం మార్చారో చెబుతారన్నమాట అన్నారు. ఆయనొక్కరే కాదు, చదువుకున్నవాళ్లు చాలామంది అలాగే అనుకుంటారు. 'మాలపిల్ల' కథ ఉన్నవది కాదు, గుడిపాటి వెంకటచలం గారిది. మాటలు తాపీ ధర్మారావు గారివి. చట్టప్రకారం ఈ రెండింటికీ చుట్టరికం లేదు. కానీ 1938లో పంచముల బతుకు మీద తెలుగులో సినిమా తీయబోయే మనిషి ముందు 'మాలపల్లి' అనే నవల ఉండనే ఉంది. దాన్ని దాటుకునే ఆయన ఇంకో కథ దగ్గరికి వెళ్లాలి. ఏం దాటారన్నదే నా ప్రశ్న.

ముందు నవల. ఉన్నవ మన గుంటూరు జిల్లా మనిషి. 1877లో, ఆనాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. డబ్లిన్‌లో బారిస్టరీ చదివి, ఐర్లండు ఉడుకుతున్న కాలంలో అక్కడ ఉండి వచ్చారు. గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు, ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టారు. పల్నాడు రైతులు అడవిలో మేతకు పుల్లరి పన్ను కట్టబోమని అటవీ శాఖకు ఎదురుతిరిగిన రోజుల్లో అరెస్టయి రాయవెల్లూరు జైలుకు వెళ్లారు. కన్నెగంటి హనుమంతు మించాలపాడు దగ్గర తుపాకి గుండుకు కూలింది కూడా ఆ సత్యాగ్రహంలోనే, 1922లో. అదే ఏడు జైల్లో రాసిన నవల 'మాలపల్లి'. దీనికే 'సంగవిజయము' అని ఇంకో పేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పీఠిక రాశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. చివరికి 1937లో వచ్చిన కాంగ్రెసు మంత్రివర్గం కాలంలో గాని ఈ పుస్తకానికి స్వేచ్ఛ రాలేదు.

ఇందులో ఏముందని అంత భయపడ్డారు? మాలపల్లెలో రామదాసు అనే మాల రైతు. కాస్త భూమి ఉంది, వేదాంతం ఉంది, ఊళ్లో మర్యాద ఉంది. భార్య మహాలక్ష్మి. కొడుకులు వెంకటదాసు, సంగదాసు. కూతురు జ్యోతి. ఊళ్లో మోతుబరి చౌదరయ్య. ఆయన కొడుకు రామానాయుడికీ సంగదాసుకీ స్నేహం. ఇక్కడివరకు చూస్తే సంస్కరణ నవలే. ఇద్దరు యువకులు కలిసి మంచి పనులు చేస్తారు, పెద్దాయన మనసు మారుతుంది అనుకుంటాం. ఉన్నవ ఆ దారిన పోలేదు. సంగదాసు కూలివాళ్లను కూడగడతాడు. గొడవ కూలి దగ్గర వస్తుంది. చౌదరయ్య చేతి దెబ్బకు సంగదాసు చనిపోతాడు.

ఈ ఘట్టం దగ్గర కాసేపు నిలబడాలి. ఆ కాలం ఎలాంటిదో తలుచుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది, ధరలు మండిపోతున్నాయి. ధర పెరిగేకొద్దీ గింజలు చేతిలో ఉన్నవాడి బలం పెరుగుతుంది, డబ్బు కూలి తీసుకునేవాడి కడుపు కాలుతుంది. అంతకుముందు పాలేరుకీ ఆసామికీ మధ్య ఉన్న పాత లెక్కలన్నీ, ఏటి జీతం, కల్లంలో పెట్టే గింజలు, పండగకు ఇచ్చే బట్ట, ఇవన్నీ తిరగరాస్తున్న సమయం అది. చౌదరయ్య దుర్మార్గుడని రాయడం తేలిక. ఉన్నవ ఆయన్ని ధరల పట్టిక తెలిసిన మనిషిగా రాశారు. ఆయనకు కోపం వచ్చేది మాలవాడు గుడికి వస్తానన్నందుకు కాదు, కూలి ఇంత కావాలన్నందుకు. అంటరానితనం ఆయనకు ఆచారమే గాక చవక కూలి కూడా. ఈ రెండో సంగతి 1922లో తెలుగులో ఇంత సూటిగా మరొకరు చెప్పినట్టు నాకు కనపడలేదు. ముల్క్ రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్' రావడానికి ఇంకా 13 ఏళ్లు ఉంది.

ఆ తర్వాత నవల మన చేతిలోంచి జారి ఎక్కడెక్కడికో పోతుంది. వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతాడు. పట్టుబడి జైల్లోనే పోతాడు. జ్యోతి కథ కూడా చావుతోనే ముగుస్తుంది. రామదాసు కుటుంబం జైలు, నేరస్తుల సెటిల్మెంటు అన్నీ చూస్తుంది. సెటిల్మెంటు అంటే ఈ ప్రాంతం వాళ్లకు వివరించక్కర్లేదు, బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. రామానాయుడి భార్య కమల మోహనరావుతో వెళ్లిపోయే కథ ఇంకో పాయ. మధ్యమధ్య పేజీలకు పేజీలు వేదాంత చర్చలు. నవలగా కట్టుబాటు తక్కువేనని ఒప్పుకోవాలి. అక్కడక్కడ విసుగొస్తుంది కూడా. ఉన్నవ గొప్ప శిల్పి అనే మాట నేను అనను. కానీ సంగదాసు చావుకు చౌదరయ్య ఇంట చెల్లించిన మూల్యమూ, రామదాసు ఇంట చెల్లించిన మూల్యమూ పక్కపక్కన పెట్టి చూపించడంలో ఆయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక సినిమా. సారథి ఫిలిమ్స్, 1938. రామబ్రహ్మం గారు అప్పటికి 'ప్రజామిత్ర' పత్రిక నడిపిన మనిషి. పురాణాల కిరీటాలే ఎక్కువగా కనపడే తెలుగు తెర మీదికి ఊరినీ వాడనూ తీసుకొచ్చారు. ఊరు కల్యాణపురం. గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి, వేసినవారు గోవిందరాజుల సుబ్బారావు. ఆయన కొడుకు నాగరాజు, వేసినవారు గాలి వెంకటేశ్వరరావు. హరిజన పిల్ల శంపాలత, అమృతలూరు వైపు మనమ్మాయి కాంచనమాల. హరిజనులు గుడికి రాకూడదు, చెరువు ముట్టకూడదు అంటారు. వాడలోని కుర్రాళ్లు పొలం పనులు మానేస్తారు. నాగరాజు, శంపాలత ప్రేమించుకుని, ఆమె చెల్లెలు అనసూయను కూడా తీసుకుని కలకత్తా పోతారు. అక్కడ ఆడపిల్లలు చదువుకుంటారు. ఇక్కడ శాస్త్రిగారి ఇల్లు తగలబడితే ఆయన భార్యను హరిజనుడు కాపాడతాడు. శాస్త్రిగారి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి, పెళ్లికి దీవెన దొరుకుతుంది.

ఈ సినిమాను తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. దీనికి రెండేళ్ల ముందు బొంబాయి టాకీస్ వాళ్లు 'అఛూత్ కన్య' తీశారు. అందులోనూ బ్రాహ్మణ కుర్రవాడు, అంటరాని పిల్ల. అశోక్ కుమార్, దేవికారాణి. చివరకు రైలు కింద పడి పోయేది ఆ పిల్లే. అంటే దేశమంతా కన్నీళ్లు పెట్టుకోవచ్చు, కులం మాత్రం చెక్కుచెదరదు. రామబ్రహ్మం, చలం ఆ పిల్లను చంపలేదు. చదువు చెప్పించారు, పెళ్లి చేశారు, గుడిలోకి తీసుకెళ్లారు. 1938లో ఇది చిన్న తెగువ కాదు. మాటల్లో కూడా ధర్మారావు గారు జనం మాట్లాడే తెలుగే పెట్టారు. ఉన్నవ పదహారేళ్ల ముందు నవలలో చేసింది అదే. రెండింటికీ నిజమైన చుట్టరికం ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంది.

ఇప్పుడు తేడా. నవలలో ఎదుటివాడు మోతుబరి రైతు. సినిమాలో ఎదుటివాడు గుడి ధర్మకర్త. సమ్మె రెండింటిలోనూ ఉంది. నవలలో సమ్మె కూలి కోసం, సినిమాలో సమ్మె గుడీ చెరువూ కోసం. గుడి తలుపు తెరిస్తే సినిమాలో సమ్మె అక్కర్లేకుండా పోతుంది. నవలలో గుడి తలుపులు ఎన్ని తెరిచినా కల్లం దగ్గరి కొలత మారదు. శాస్త్రిగారి మనసు మారితే ఆయన పోగొట్టుకునేది పాత పట్టుదల ఒక్కటే. చౌదరయ్య మనసు మారితే ఏటేటా గరిసెల లెక్కన పోగొట్టుకుంటాడు. అందుకే ఒకరి మనసు మార్చడానికి ఒక అగ్నిప్రమాదం చాలింది. రెండో ఆయన మనసును మంటలతో మార్చడం ఉన్నవకు కూడా సాధ్యం కాలేదు.

కథ చలం గారిది అన్న సంగతి మరవకూడదు. 'మైదానం' రాసిన మనిషి ప్రేమ దగ్గర మొదలుపెట్టక కూలి దగ్గర మొదలుపెడతారా? ఆడది, ఆమె ఇష్టం, దానికి అడ్డొచ్చే కట్టు, ఇవే ఆయన లోకం. శంపాలత ఆ లోకంలోంచే వచ్చింది. చేతిలో కాఫీ కప్పుతో కాంచనమాల ఫొటో క్యాలెండర్లుగా ఇంటింటా గోడలకెక్కిందంటే కారణం ఆ చలం మార్కు ధీమాయే. అయితే ఆ ఫొటోలో ఉన్నది కలకత్తా వెళ్లొచ్చిన శంపాలత. మిరప చేలో ఉన్న శంపాలతను ఎవరూ గోడకు తగిలించుకోలేదు. ప్రేమించదగిన పిల్లగా చూపించాలంటే ముందు ఆమెను పొలం నుంచి బయటికి తీసుకురావలసి వచ్చింది. జ్యోతికి ఆ వెసులుబాటు లేదు. 

చలం ఇష్టం సరే, కాలం సంగతి కూడా చూడాలి. పుస్తకాన్ని అచ్చయ్యాక నిషేధిస్తారు. ఈలోగా నాలుగు ప్రతులు చేతులు మారతాయి. సినిమాకు ఆ అవకాశం లేదు. 1918 నాటి సినిమటోగ్రాఫ్ చట్టం కింద ముందే సెన్సారు బోర్డు చూడాలి. మద్రాసులో ఆ బోర్డు పెద్ద పోలీసు కమిషనరు. బోల్షివిజం వాసన కొడుతోందని ఒక నవలను పట్టుకున్న ప్రభుత్వం అదే నవలను బొమ్మగా చూపించనిస్తుందా అని ఏ నిర్మాతైనా నాలుగుసార్లు ఆలోచిస్తాడు. పైగా గుడి ప్రవేశం ఆనాడు చెప్పదగిన మాట. 1936లో తిరువాన్కూరు మహారాజు గుళ్లు తెరిపించారు. గాంధీగారి హరిజన యాత్ర ఆంధ్రదేశంలో నడిచి అయిదేళ్లే అయింది. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం, మరుసటి ఏడాదే ఆలయ ప్రవేశ చట్టం. గుడి గురించి సినిమా తీస్తే తిట్టేవాళ్లు సనాతనులు, మెచ్చుకునేవాళ్లు మంత్రులు. కూలి గురించి తీస్తే?

బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశం అని ప్రకటించి 'మాలపిల్ల' ఆడించారని చెప్పుకునే కథ మీరూ వినే ఉంటారు. నిజానిజాలెలా ఉన్నా ఆ కథలో చమత్కారం ఉంది. తిట్టు తినవలసిన ప్రేక్షకుడికి టికెట్టు ఊరికే ఇచ్చి కూర్చోబెట్టడం. మరి చౌదరయ్యలకు? వాళ్లకు ఉచిత పాసులు ఇచ్చే పని లేదు, డబ్బు పెట్టి కొనుక్కునేదే వాళ్లు. ఇంకా చెప్పాలంటే హాలు కట్టినవాళ్లు కూడా వాళ్లే. కోస్తాలో వరి, పొగాకు, పత్తి, మిరప మీద మిగిలిన డబ్బు ఎటు పోయిందో చూస్తే రైసు మిల్లు, జిన్నింగు మిల్లు, సినిమా హాలు, ఫిలిం పంపిణీ, చివరికి నిర్మాణం దాకా ఒకే గొలుసు కనిపిస్తుంది. కూలివాడు నేల టికెట్టు కొని ముందు కూర్చుంటాడు. ఆసామి వెనక కుర్చీలో. ఆ కుర్చీలోని మనిషిని హంతకుడిగా తెర మీద చూపించడానికి ఆ తెరను ఎవరు అద్దెకిస్తారు? నేనిక్కడ ఏ ఒక్క కులాన్నీ వేలెత్తి చూపడం లేదు. చౌదరయ్య స్థానంలో ఏ ఇంటిపేరు పెట్టినా, భూమి ఉండి కూలి పెట్టుకునే మనిషి అయితే చాలు, నా మాట మారదు.

ఈ మాట తెలుగుకే పరిమితం కాదు. జాన్ స్టైన్‌బెక్ నవల 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో వచ్చింది. మరుసటి ఏడే జాన్ ఫోర్డ్ సినిమా తీశాడు. గొప్ప సినిమా, ఆస్కార్లు కూడా వచ్చాయి. పత్తి తీతలకు, పండ్ల కోతలకు తిరిగే కుటుంబం కథ అది. మన ప్రాంతం మనిషికి తన కథలాగే అనిపిస్తుంది. నవలలో ఆ కుటుంబానికి ముందు ప్రభుత్వ శిబిరంలో కాస్త ఊపిరి దొరుకుతుంది, తర్వాత పీచ్ పండ్ల తోటల సమ్మె, పత్తి తీత, వరద, చివరకు వర్ణించడానికి నోరు రాని పేదరికం. సినిమా ఈ వరసను తిప్పేసింది. సమ్మె ముందు, శిబిరం తర్వాత. కథలో ఒక్క సంఘటనా అబద్ధం కాకుండా వరస మార్చడంతోనే నిరాశ కాస్తా భరోసా అయిపోయింది. చివర్లో కుటుంబం ఫ్రెస్నోలో పని ఉందని బండెక్కి పోతుంటే తల్లి ధైర్యం చెబుతుంది. నవలను సినిమా ఎలా మెత్తబరుస్తుందో నేర్చుకోవాలనుకునే విద్యార్థులు ఈ రెండింటి చివరి మూడో వంతును పక్కపక్కన పెట్టి చూడండి.

తిరిగి మన రామబ్రహ్మం గారి దగ్గరికి. కూలి, భూమి ఆయనకు తెలియని సంగతులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 'మాలపిల్ల' తర్వాతి ఏడే, 1939లో, 'రైతుబిడ్డ' తీశారు. బళ్లారి రాఘవ, టంగుటూరి సూర్యకుమారి నటించారు. మన అప్పికట్ల కొసరాజు రాఘవయ్య గారు సినిమా పాటలకు వచ్చిందీ, రైతు వేషం వేసిందీ అందులోనే. జమీందారీని ముఖాముఖి ఢీకొన్న సినిమా అది. వెంకటగిరి, బొబ్బిలి జమీందారులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు, చోట్లచోట్ల ప్రదర్శనలు ఆగిపోయాయి. తమాషా ఏమిటంటే సారథి సంస్థ వెనక ఉన్నవారు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారే. ఒక జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక చిత్రం తీయగలిగాడంటే రామబ్రహ్మం గారి గుండె ధైర్యాన్ని శంకించాల్సిన పని లేదు.

కానీ చూడండి. 'మాలపిల్ల'లో ఎదుటివాడు ధర్మకర్త. 'రైతుబిడ్డ'లో ఎదుటివాడు జమీందారు. రెండోదానిలో కథానాయకుడే రైతు. జమీందారు బాధితుడైన రైతు నిజం. తన కూలివాడికి చౌదరయ్య అయిన రైతు కూడా నిజమే, ఒకే మనిషి ఒకే రోజు రెండూ కావచ్చు. రామబ్రహ్మం గారు ఆ మనిషికి పైనున్నవాణ్ణి చూపించారు, పక్కనున్నవాణ్ణి చూపించారు. అతని కింద ఉన్నవాణ్ణి అతనికి ఎదురుగా నిలబెట్టలేదు. రెండు సినిమాలు కలిపి చూస్తే గాని ఈ ఖాళీ కనపడదు. 'మాలపల్లి' చదివితే గాని దాన్ని ఖాళీ అని గుర్తుపట్టలేం. ఒకరు తీసిన సినిమాలను ఇంకొకరు రాసిన నవలతో పోల్చడం వల్ల నాకు దక్కిన లాభం ఇదే.

రామబ్రహ్మం గారి చివరి సినిమా 'పల్నాటి యుద్ధం'. ఆయన 1946లో పోతే ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేశారు, 1947లో వచ్చింది. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క బంతిన కూర్చోబెట్టాడని చెప్పే బ్రహ్మనాయుడి కథ. మాల కన్నమదాసు సేనాని అయిన కథ. కారంపూడి తిరునాళ్లకు వెళ్లేవాళ్లకు ఈ పేర్లు బంధువుల పేర్లలాంటివి. బ్రహ్మనాయుడి వేషం గోవిందరాజుల సుబ్బారావు గారిదే. గుడి తలుపు మూసిన శాస్త్రిగారు తొమ్మిదేళ్లకు చాపకూడు వడ్డించారు. గుడి, పంక్తి, పెళ్లి. మన సినిమాకు సమానత్వం అంటే ఈ మూడింటి దాకానే ఊహ అందింది.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లు మిరప కోతల సీజనులో గుంటూరు మిర్చి యార్డు వైపు ఒకసారి వెళ్లిరండి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు ఇక్కడికి దిగుతాయి. పిల్లల బడి మానిపించి, చేల పక్కనే పట్టాలతో గుడిసెలు వేసుకుంటారు. కూలి ముఠా మేస్త్రీతో ముందే మాట్లాడుకుంటారు. తూకం దగ్గర తగాదా వస్తుంది. తాలు కాయ ఏరే ఆడవాళ్ల చేతులు రాత్రి నీళ్లలో పెట్టినా మంట ఆగదు. మరి సినిమా? మిర్చి పేరు పెట్టుకున్న సినిమా, గుంటూరు కారం పేరు పెట్టుకున్న సినిమా కోట్ల ఖర్చుతో వచ్చాయి. ఆ ఘాటు హీరోగారి మాటల్లోనే ఉంది, కాయ కోసే మనిషి చేతుల్లోకి రాలేదు. వాటిని నేనూ సంతోషంగానే చూశాను, చూడొద్దని అనను.

మరి 'మాలపల్లి'ని ఎవరైనా ఇవాళ తెర మీదికి తేవాలనుకుంటే? కష్టాలు నిజంగానే ఉన్నాయి. రామదాసు వేదాంతం కెమెరాకు చిక్కదు. దాన్ని పూర్తిగా తీసేస్తే ఆయన కొడుకును పోగొట్టుకున్న ముసలివాడుగా మిగిలిపోతాడు. ఉన్నవ ఆయనలో పెట్టిన పెద్దరికం పోతుంది. తక్కెళ్ల జగ్గడు ఇంకో ప్రమాదం. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టే దొంగ మన సినిమాకు మహా ఇష్టమైన సరుకు. అతన్ని హీరో చేస్తే సంగదాసు చావు ప్రతీకారానికి పనికొచ్చే ముడిసరుకైపోతుంది, కూలి సంగతి మొదటి రీలుతో సరి. అన్నిటికన్నా పెద్ద వల కమల కథ. పెద్దింటి కోడలు, ప్రియుడు, పరువు. ఏ స్క్రిప్టు సమావేశంలోనైనా అందరి చూపూ దాని మీదికే పోతుంది. సినిమాలో సగం అదే తినేస్తుంది. ఈ కథను నాకిస్తే కమలను రెండు మూడు సీన్లకు మించి తెర మీద ఉంచను. మిగిలిన సమయమంతా సంగదాసు చనిపోక ముందరి వారం రోజులకే ఇస్తాను. కూలివాళ్లు ఎవరింట్లో కూర్చుని మాట్లాడుకున్నారు, ఎవరు భయపడి వెనక్కి తగ్గారు, ఎవరి పేరు ఎవరు చౌదరయ్యకు చేరవేశారు, రామానాయుడు ఆ రోజుల్లో ఎక్కడున్నాడు, ఆడవాళ్లు ఏమన్నారు, కొలత దగ్గర నిలబడ్డ గుమాస్తా ఏ వైపు చూశాడు. వీటిలో కొన్ని నవలలో ఉన్నాయి, కొన్ని మనం కల్పించుకోవాలి. కల్పించడానికి కావలసిన సరుకు ఈ హాలు నుంచి బస్సెక్కి సత్తెనపల్లి, నరసరావుపేట, మార్టూరు వైపు ఏ చేలో దిగినా దొరుకుతుంది. సినిమా కోర్సు విద్యార్థులు ఎవరైనా ఈ పని తలకెత్తుకుంటే, మాస్టారి శిష్యులు ఆయన పాఠం నోట్సు ఇస్తామన్నారు. అందులో 1920ల నాటి కూలి లెక్కలు కూడా ఉన్నాయట.